సెల్ తీసేసిన పెట్టెలో ఏడో స్టేజీ

దెయ్యాల కథలు నేను చాలా చెప్పాను. ఒక్కదాన్నీ నమ్మలేదు. ఎలా నమ్ముతాను, వాటిలో ముప్పావు వంతు నేనే కల్పించినవి. అమీర్‌పేటలో నా షాపుకి వచ్చినవాళ్లని వస్తువు బాగయ్యేదాకా కూర్చోబెట్టాలంటే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఇది మాత్రం అలాంటిది కాదు. ఈ మాట కూడా ప్రతిసారీ అంటాను, నిజమే. అయినా చదవండి.

మెట్రో స్టేషన్ వెనక సందులో, ఒక కోచింగ్ సెంటర్ మెట్ల కింద నాది చిన్న షాపు. నలభై ఏళ్లుగా టేప్‌రికార్డర్లు, సీడీ ప్లేయర్లు బాగుచేస్తున్నాను. నా చేతికి వచ్చి బాగుపడకుండా తిరిగి వెళ్లిన వస్తువు లేదు. సరే, ఉన్నాయి. ఒక బస్తాడు ఉన్నాయి.

పోయిన వానాకాలంలో పంజాగుట్ట నుంచి గ్రేస్ అనే ఆవిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి, ఏదో స్కూల్లో లెక్కల టీచరు. సంచిలోంచి ఒక పాత వీడియో గేమ్ పెట్టె, దాని కింద తగిలించే డిస్క్ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. పై పెట్టె క్యాసెట్లతో నడుస్తుంది. కింద ఇది తగిలిస్తే సీడీ ఆటలు కూడా ఆడొచ్చు. ముప్పై ఏళ్ల నాటి సరుకు. డిస్క్ తిరగడం లేదు, ట్రే తెరుచుకోవడం లేదు, లోపల ఆట డిస్క్ ఇరుక్కుపోయి ఉంది.

"ఇది మా తమ్ముడిది అంకుల్. జాగ్రత్తగా చూడండి," అంది. ఇంకా ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. అప్పటికే స్క్రూలు విప్పుతున్నాను.

మా పనివాళ్లకి ఒక అలవాటు ఉంది. పాత వస్తువు ఏది వచ్చినా ముందు అందులోని బ్యాటరీ సెల్ తీసేస్తాం. రేడియోల కాలం నుంచి అంతే. సెల్ కారిందంటే బోర్డు మొత్తం తినేస్తుంది. ఆ వేళ కూడా ఆవిడ సందు మలుపు తిరిగేలోపే బోర్డు మీది బటన్ సెల్‌ని సోల్డరింగ్ కడ్డీతో ఊడదీసి డబ్బాలో పడేశాను.

మూడో రోజు ఆవిడ ఫోన్ చేసింది.

"అంకుల్, ఏం మార్చినా పర్లేదు. లోపల బ్యాటరీ మాత్రం ముట్టుకోకండి. తమ్ముడు సేవ్ చేసుకున్న ఆట దాని మీదే నిలబడి ఉందట. వాడు పోయి రెండేళ్లయింది. వాడి చేత్తో చేసింది ఇంట్లో అదొక్కటే మిగిలింది."

ఎదురుగా డబ్బాలో ఆ సెల్ నాకు కనపడుతూనే ఉంది.

"ముట్టుకోలేదమ్మా," అన్నాను.

సెల్ తీసేస్తే, లోపల దాచుకున్నది చెరిగిపోవడానికి కొన్ని నిమిషాలు చాలు. నేను తీసి అప్పటికి మూడు రోజులు. కొత్త సెల్ వేసినా పోయింది తిరిగి రాదు. ఖాళీ పలక వస్తుంది.

మిగతా పని మాత్రం శ్రద్ధగా చేశాను. ట్రేని లాగే రబ్బరు బెల్టు బంకలా కరిగిపోయి ఉంటే మార్చాను. ఇరుక్కున్న డిస్క్ తీసి సొరుగులో పెట్టి తాళం వేశాను. లెన్సు తుడిచాను. ఉబ్బిన కెపాసిటర్లు మార్చాను. వారం దాటాక కొత్త సెల్ అతికించాను. పాటల డిస్క్ ఒకటి వేస్తే శుభ్రంగా పాడింది. సేవ్‌లు చూపించే పేజీ మాత్రం తెరవలేదు. ఖాళీగా ఉంటుందని తెలిసి తెరవడానికి ధైర్యం చాలలేదు. "సెల్ ముందే చచ్చిపోయి ఉందమ్మా" అనే అబద్ధం ఒకటి సిద్ధం చేసి పెట్టుకున్నాను.

పదకొండో రోజు మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. ఆ సమయానికి కరెంటు పోయిందనీ, గోడ మీద బల్లి అరిచిందనీ రాయాలని చెయ్యి లాగుతోంది. పొద్దున నడకలో కలిసే మిత్రులకి అలాగే చెప్పాను కూడా. అలాంటిదేమీ జరగలేదు. వాన తెరిపిచ్చి ఎండ కాస్తోంది. పైన మెట్రో పోతోంది. గుమ్మం ముందు ఎవరో కోర్సుల కరపత్రాలు పంచుతున్నారు.

సొరుగులోంచి డిస్క్ తీసి వేసి, పెట్టెని టీవీకి తగిలించాను. కంట్రోలర్ ఆవిడే పట్టుకుంది. పేజీ తెరుచుకుంది. ఒక్క వరుస ఉంది. ఇంగ్లీషు అక్షరాల్లో టింకు అని. పక్కన ఏడు అంకె.

నా చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద పడింది. సరే, పడలేదు, నేనే బల్ల మీద పెట్టాను.

ఆవిడ తెర మీంచి నా వైపు తిరిగింది. ఆ చూపులో సంతోషం లేదు.

"మీరు ఆడారా అంకుల్?"

"లేదమ్మా."

"మా తమ్ముడు టింకు ఆరో స్టేజీలో ఆగిపోయాడు. ఆరు దాటలేకపోతున్నానక్కా అని నాతో గొణుగుతుండగానే డిస్క్ ఆగిపోయింది. ఆ వారంలోనే హాస్పిటల్. ఆ తర్వాత ఇది తిరగలేదు. మరి ఏడెలా వచ్చింది?"

నేను లేచి పక్క షాపు యాదగిరి దగ్గరికి వెళ్లాను. ఫోన్లు బాగుచేస్తాడు, యాభై ఏళ్ల మనిషి. నేను భోజనానికి వెళ్తే షాపు అతనే చూస్తాడు.

"నా షాపులో కూర్చుని ఆటలాడావా?"

"ఏం ఆట సార్? జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి."

"బల్ల మీది పెట్టె, సొరుగులోని ఆట డిస్క్ ముట్టుకున్నావా అంటున్నాను."

"గా డబ్బానా? దాన్ని ఎట్ల ఆన్ చేస్తరో సుత నాకు తెల్వదు. సొరుగు తాళం మీ మొలతాడుకే ఉంటది. ఇప్పుడు నన్ను దొంగను చేస్తుండ్రా? మీ కథల్ల ఈసారి దెయ్యం నేనా?"

అతను నవ్వలేదు. అతన్ని అనుమానించడంలో అర్థం కూడా లేదు. టింకు అనే ముద్దు పేరు ఆ పూట దాకా నాకే తెలియదు. నా చీటీ మీద గ్రేస్, పంజాగుట్ట అనే ఉంది.

తిరిగి వచ్చేసరికి ఆవిడ కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని అలాగే ఉంది. "ఆడితే ఆడానని చెప్పండి అంకుల్. వాడి ఆట మీద ఆడేశారని బాధపడతాను, అంతే. తెలియకుండా మాత్రం ఉండలేను."

నేను ఆడలేదనడానికి నా దగ్గరున్న సాక్ష్యం ఒక్కటే. అది చూపిస్తే నా అబద్ధం బయటపడుతుంది. అయినా డబ్బాలోంచి పాత సెల్ తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను.

"మీరు ఫోన్ చేసేటప్పటికే తీసేశానమ్మా. ముట్టుకోలేదని అబద్ధం చెప్పాను. ఆరైనా ఏడైనా, అందులో అసలు ఏదీ ఉండకూడదు."

ఆవిడ సెల్‌ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అంటే వాడిది చెరిపేశారు."

"చెరిపేశాను."

"మరి ఇదేంటి?"

తెరిచి కాస్త ఆడి చూస్తారా అన్నాను. "వద్దు. ఎక్కడున్నాడో అక్కడే ఉండనివ్వండి," అని తనే స్విచ్ ఆపింది. పెట్టెలతో పాటు ఆ పాత సెల్ కూడా తీసుకుని వెళ్లిపోయింది. నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు.

తర్వాత తెలిసిన మెకానిక్‌లని అడిగాను. ఒకాయన బోర్డులో ఇంకెక్కడో కరెంటు నిలిచి ఉంటుందన్నాడు. అన్ని రోజులా అంటే మాట మార్చాడు. ఇంకొకాయన ఆ తమ్ముడే ఆరు దాటి, ఆ సంగతి అక్కకి చెప్పి ఉండడన్నాడు. ఉండొచ్చు. అయినా సెల్ సంగతి తేలదు.

మొన్న గ్రేస్ మళ్లీ ఫోన్ చేసింది. "అంకుల్, ఒక్కసారి నిజం చెప్పండి. మీరే ఆడారు కదూ?"

ఆడానంటే ఆ మనిషికి నిద్ర పడుతుందేమో. జీవితమంతా అబద్ధాలు చెప్పిన నోటికి ఆ ఒక్కటి రాలేదు. "లేదమ్మా," అన్నాను.

ఆవిడ ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.