సదరు కచేరి ఈశాన్యం మూల

మా మామ పోయాడన్న కబురు ఆయన కట్టిన కప్పు కిందే నాకు అందింది. రోహిణి ఎండలు మండిపోతున్నాయి. లడాయి మూలంగా కాగితానికి కరువొచ్చింది కదా, పోలీసు సదరు కచేరిలో నా బల్ల ముందు కూర్చొని పాత కాగితాల వెనకవైపు నకలు రాసుకుంటున్నాను. గేటు దగ్గరి ముసలి జవాను లోపలికి వచ్చి, "గుమాస్తా సాబ్, మీ మామ పోయిండంట. ఇంటికి పోండ్రి" అన్నాడు. అని, తల పైకెత్తి ఈశాన్యం మూల కప్పు వైపు చూశాడు. నేనూ చూశాను. ఎందుకు చూశామో ఇద్దరికీ తెలుసు.

వనపర్తి వైపు నుంచో గద్వాల వైపు నుంచో మా ఊరికి బండి మీద వచ్చినవాళ్ళు ఆ భవనాన్ని చూసే ఉంటారు. ఊరి మొదట్లో ఐదు కమానుల వరండాతో తెల్లగా కనిపించేది అదే. చుట్టుపక్కల ఠాణాలన్నిటికీ అదే పెద్ద కచేరి. నల్లరాతి పునాది, రెండు మూరల మందం గోడలు. టేకు దూలాలు నల్లమల నుంచి వచ్చాయి, ఇసుక సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డు నుంచి వచ్చింది. నక్షా మాత్రం పట్నంలో గీశారు. ఆ నక్షాలో హవాలాతుకు, అంటే పట్టుకొచ్చినవాళ్ళను మూసిపెట్టే గదికి, కిటికీ లేదు. అడిగి, ఒప్పించి, పైన ఊచలతో ఒక కిటికీ పెట్టించింది మా మామ. "లోపలున్నోడు గూడ మనిషే కదరా, ఊపిరాడొద్దా?" అన్నాడు నాతో. మేనమామ కాబట్టి పొగుడుతున్నాననుకుంటే అనుకోండి. ఆ కమానుల కింద నిలబడినప్పుడల్లా నా ఛాతీ బెత్తెడు పెరుగుతుంది.

ఆయనకు అక్షరం ముక్క రాదు. నక్షాను తలకిందులుగా పట్టుకొని కూడా సరిగ్గానే కట్టేవాడు. కొత్త గోడకు ఎవరైనా ఒరిగితే మాత్రం ఒంటికాలి మీద లేచేవాడు. "పచ్చి బాలింత రా అది. జర దూరం నిలబడు" అని అరిచేవాడు. సున్నం విషయంలో ఆయన మాట ఒకటే: "సున్నం ఎన్నడు తొందరపడది. మనమే పడ్తం."

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. తను తొందరపడ్డాకే అన్నాడు.

సిమెంటు బస్తాలు చూస్తున్న ఇప్పటివాళ్ళకు గచ్చు సంగతి తెలియకపోవచ్చు. దూలాల మీద బండలు పరిచి, వాటిపైన సున్నమూ ఇటుక ముక్కలూ కలిపి జానెడు మందాన పోస్తారు. ఆడవాళ్ళు బారుగా కూర్చొని, బెల్లం, కరక్కాయ నానిన నీళ్ళు చల్లుతూ, చెక్కలతో రోజుల తరబడి కొడతారు. ఎప్పుడు ఆపాలో మేస్త్రి చెప్పకూడదు, బారుకు పెద్దగా ఉన్నావిడ చెప్పాలి. చెక్క దెబ్బకు కంచు గిన్నె మోగినట్టు మోగిందంటే ఆమె తన చెక్కను బోర్లిస్తుంది. మా వైపు పని ఆచారం అది. ఆ బారుకు పెద్ద మా అత్తే.

కచేరి ప్రవేశానికి రోజు పెట్టేశారు. "ఈశాన్యం మూల ఇంకా మోగుత లేదు. ఇంక రెండు దినాలు కావాలె" అంది అత్త.

"మోతమీన్ సాబుకు మాటిచ్చిన. దిగుండ్రి" అన్నాడు మామ. మోతమీన్ అంటే పోలీసుల పెద్ద అధికారి. అత్త చెక్క బోర్లించలేదు. దాన్ని పిట్టగోడకు ఆనించి నిచ్చెన దిగింది.

మొదటి వానకే ఆ మూల కురిసింది. దస్త్రాల కట్టలన్నీ అక్కడే ఉన్నాయి, వాటి కాపలా నాది. కొత్త కొలువు. నేను చేసిన పని చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. కట్టలు జరిపి, కింద చెంబు పెట్టి, బొట్టు చప్పుడు వినపడకుండా అందులో గుడ్డ కుక్కాను. ఇంతలో గోనెసంచి ముసుగేసుకొని మామ వచ్చాడు. ఎవరూ పిలవలేదు. తిన్నగా ఆ మూలకు వెళ్ళి గోడ మీద అరచెయ్యి రాసి చూసుకున్నాడు. ఆరిన గోడైతే తెల్లని పొడి అంటాలి. ఆయన చేతికి తడి ముద్ద అంటింది.

"మామా, ఎవ్వరు చూడలే. ఎండ రాంగనే పైన జర పూద్దాం" అన్నాను మెల్లగా.

"నేను చూసిన కదరా" అని ఆయన మోతమీన్ సాబు గదిలోకి నడిచాడు. పిలిస్తేనే వణుకుతూ వెళ్ళే గది అది.

"సాబ్, ఈశాన్యం మూల కురుస్తున్నది. ఆడోళ్ళు వద్దన్నా పచ్చిగున్నప్పుడే నేనే దింపించిన. తప్పు నాది."

"హవాలాతు నువ్వే కడితివి. అందుల మొదలు నిన్నే వెయ్యాల్నా?"

"ఎయ్యుండ్రి సాబ్. ఆ మూల మల్ల చేసినంక ఎయ్యుండ్రి. లేకుంటే దస్త్రాలు తడుస్తయి."

సాబు తలుపు వైపు చెయ్యి చూపి, "పో, చెయ్యి" అన్నాడు. నేను చెంబు తీసి బయట పారబోశాను. ఆ రోజు మామను చూసి ఎంత గర్వపడ్డానో, నన్ను చూసుకొని అంత కుంగిపోయాను.

ఆ మూల మీద తాటాకు పందిరి వేసి, గచ్చంతా తవ్వి మళ్ళీ పోశారు. "ఈసారి నువ్వు చెప్పేదాంక ఎవ్వరు దిగరు" అన్నాడు మామ అత్తతో, అందరూ వినేలా. ఎనిమిదో రోజున అత్త చెక్క బోర్లించింది. మామ దాన్ని తీసుకొని కళ్ళకద్దుకున్నాడు.

అప్పటి నుంచి ఏటా మొదటి వాన పడగానే గోనెసంచి ముసుగుతో కచేరికి వచ్చేవాడు. ఆ మూల గోడ మీద చెయ్యి రాసి, పొడి అరచెయ్యి ముసలి జవానుకు చూపించి, చెంబెడు నీళ్ళు తాగి వెళ్ళిపోయేవాడు. అధికారులు ముగ్గురు మారారు. చుక్క కురవలేదు.

ఈ ఏడు మొదటి వాన మిరుగు కార్తెలో, శుక్రవారం నాడు పడింది. కచేరికి సెలవు. నేను అత్త దగ్గరే ఉన్నాను. ఆమె కొయ్యకు వేలాడుతున్న గోనెసంచి వైపే చూస్తోంది. నేను లేచి దాన్ని అందుకోబోతుంటే వాకిట్లో అడుగుల చప్పుడైంది. ముసలి జవాను నిలువునా తడిసిపోయి ఉన్నాడు. కుడి పిడికిలి మాత్రం చొక్కా లోపల దాచుకున్నాడు.

"ఏందయ్యా, గింత వానల వచ్చినవు?" అంది అత్త.

అతను గడప లోపలికి వచ్చి, చెయ్యి బయటికి తీసి, ఆమె ముందు పిడికిలి విప్పాడు. అరచెయ్యంతా తెల్లని పొడి సున్నం.