ఓడీల్ వంకర స్వరం

తియోజెన్ లకాజ్‌కు కోపం ముక్కు మీదే ఉండేది. న్యూ ఆర్లియన్స్ ఏడో వార్డులో క్లారినెట్ నేర్చుకోవాలంటే ఆయన దగ్గరికే వెళ్ళాలి. వెళ్ళినవాళ్ళకు మొదటి ఏడాదంతా క్లారినెట్ ముట్టుకునే యోగం ఉండేది కాదు. చేత్తో తాళం వేస్తూ డో రె మి పాడటమే. "నోటితో పలకనివాడు చెక్కతో ఏం పలికిస్తాడురా?" అనేవాడు. పగలు చుట్టల కార్ఖానాలో పొగాకు చుట్టడం, సాయంత్రం పాఠాలు, ఆదివారం బ్యాండు. వాళ్ళ వంశమంతా అంతే. ఇంట్లో ఫ్రెంచి మాట్లాడతారు, స్వరాలు రాసిన కాగితం చూసి వాయిస్తారు. కెనాల్ వీధికి అవతల కాగితం లేకుండా చెవిని నమ్ముకుని వాయించేవాళ్ళను వాళ్ళు వాద్యగాళ్ళ లెక్కలోకే తీసుకోరు.

అంతటి పెద్దమనిషి పెళ్ళి చేసుకున్నది మాత్రం కెనాల్ వీధి అవతలి పిల్లనే. ఓడీల్ తల్లి చాకలి. ఓడీల్ కూడా ఇంటి దగ్గరే ఊరి బట్టలు ఇస్త్రీ చేసేది. సోమవారం ఉతుకు, పొయ్యి మీద ఎర్ర చిక్కుళ్ళు. మంగళవారం ఇస్త్రీ, ఇస్త్రీతో పాటు పాట. పాటలో మూడో స్వరం, మి, దగ్గరికొచ్చేసరికి పక్కగదిలోంచి తియోజెన్ బల్ల మీద టక్కున కొట్టేవాడు.

"తప్పు! మళ్ళీ పాడు."

"మళ్ళీ పాడినా అంతేనండీ. నా గొంతు అలాగే వంగుతుంది."

"కుక్క తోకా అది, వంగడానికి? మి అంటే మి. సరిగ్గా నిలబెట్టు."

ఇస్త్రీపెట్టె కన్నా గట్టిది ఓడీల్ ఓపిక. నవ్వి ఊరుకునేది, వచ్చే మంగళవారం మళ్ళీ అలాగే పాడేది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన బల్ల కొట్టడం మానలేదు, ఆవిడ వంచడం మానలేదు.

ఆ కాపురానికి మూడో మనిషి ఒనెసీమ్. కార్ఖానాలో తియోజెన్ పక్క బల్ల, బ్యాండులో డ్రమ్ము. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, నవ్వించకుండా అన్నం తినడు. ఎవరైనా పోతే, చందాలతో నడిచే వార్డు సంఘంవాళ్ళు బ్యాండు పెట్టి సాగనంపేవారు. శ్మశానం దాకా అడుగులో అడుగు వేస్తూ ఏడుపు పాటలు. అప్పుడు డ్రమ్ము మోగకుండా దాని అడుగు తీగలకింద ఒనెసీమ్ రుమాలు దోపేవాడు. మట్టి వేసి గేటు బయటికొచ్చాక ఆ రుమాలు లాగేసి ఒక్క దరువు వేస్తే చాలు, వీధి వీధంతా గొడుగులు ఎగరేస్తూ ఆడేది. పోయినవాడు బంధాలు తెంచుకుని వెళ్ళాడు, ఇంకా ఏడుపెందుకని వాళ్ళ లెక్క. కానీ ఆ తిరుగుదారి పాటలకు కాగితాలుండవు. ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకుంటూ పోవడమే. అందుకని గేటు దగ్గరికి రాగానే తియోజెన్ క్లారినెట్ చంకలో పెట్టుకుని, పక్క సందులోంచి ఇంటికి జారుకునేవాడు.

"నా పని శ్మశానం దాకానే" అనేవాడు. ఆ వాయింపుకు అప్పటికింకా పేరు లేదు. జాజ్ అన్న మాట తర్వాతెప్పుడో వచ్చి అంటుకుంది. తియోజెన్ మాత్రం దానికి 'అల్లరి' అని పేరు పెట్టాడు.

ఇంతలో ఆయన కళ్ళకు పొరలు కమ్మాయి. మొదట కాగితం మీద స్వరాలు చీమల్లా కదిలాయి. తర్వాత చీమలు కూడా కనిపించలేదు. పాత పాటలు కంఠతా వచ్చు గనక కొన్నాళ్ళు నెట్టుకొచ్చాడు. కొత్త కాగితం వచ్చిన రోజున దొరికిపోయాడు. అప్పటినుంచి బ్యాండుకు వెళ్ళడం మానేసి, "బ్యాండు చెడిపోయింది, వాళ్ళతో నాకేంటి" అన్నాడు.

"అవునవును, ఆడలేక మద్దెల ఓడన్నారట" అంది ఓడీల్. అని, వెంటనే కాఫీ కప్పు ఆయన చేతిలో పెట్టి, వేళ్ళు జాగ్రత్తగా మూసింది. ఆ మాట అన్నందుకు ఆ సాయంత్రమంతా బాధపడింది.

ఆ చలికాలమే ఒనెసీమ్ ఊపిరితిత్తులు పాడై మంచం పట్టాడు. ఓడీల్ భర్తను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

"ఒరే తియో, ఒక మాటడుగుతా, తిట్టకూడదు" అన్నాడు ఒనెసీమ్.

"తిట్టాల్సిన మాటైతే తిడతా."

"నన్ను గేటు దగ్గర వదిలేసి సందులోంచి జారుకోకు. శ్మశానం దాకా ఏడవడానికి ఊరంతా వస్తుంది. మా ఆవిడ తిరిగి ఇంటికి నడిచేటప్పుడు నీ క్లారినెట్ ముందుండాలి. అది ఏడుస్తూ గడప ఎక్కకూడదురా."

"నాకు కళ్ళు పోయాయిరా!"

"తిరుగుదారిలో కళ్ళతో పనేముంది? అక్కడ కాగితం చూసే సన్నాసి ఎవడున్నాడు? మాటివ్వు."

తియోజెన్ ఆ ఎండిపోయిన చేతిలో చెయ్యేశాడు. వీధిలోకొచ్చాక గోడకానుకుని నిలబడిపోయాడు. "నాకు రాదు ఓడీల్. కాగితం లేకుండా నేను ఒక్క ముక్క వాయించలేను. వాడికి అబద్ధపు మాటిచ్చాను" అన్నాడు. అంత గర్విష్ఠి నోట 'నాకు రాదు' అన్న మాట ఆవిడ వినడం అదే మొదలు. ఆవిడకు ఏడుపొచ్చింది.

మంగళవారం ఇస్త్రీ మొదలైంది, పాటా మొదలైంది. తియోజెన్ బల్ల కొట్టలేదు. క్లారినెట్ తీసి ఆవిడ వెనకే వాయించాడు. స్వరాలన్నీ సరిగ్గా పడ్డాయి. పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు పడ్డాయి.

"బాగుంది గానీ, చొక్కాకు గంజి మరీ ఎక్కువైందండీ" అంది ఓడీల్.

ఆయనకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. "ఆ మూడో స్వరం మళ్ళీ పాడు."

పాడింది. మళ్ళీ, మళ్ళీ పాడించాడు. ఎంతోమందికి తాను చెప్పిన పాఠమే గుర్తొచ్చింది. డో, సోల్ రెండూ గోడలు, మధ్యలో మి దీపం. పెద్ద మి వెలిగిస్తే ఇల్లు నవ్వుతుంది, చిన్న మి వెలిగిస్తే ఇల్లు ఏడుస్తుంది. ఓడీల్ స్వరం ఆ రెండూ కాదు, రెంటికీ నడుమ ఎక్కడో ఉంది. పియానోలో దానికి మెట్టే లేదు.

"ఇలా పాడటం ఎవరు నేర్పారే నీకు?"

"నేర్పడమేంటండీ? మా అమ్మ పాడేది. అప్పుడు సంతోషంగా ఉందో, ఏడుస్తోందో నాకెప్పుడూ తెలిసేది కాదు. రెండూ అనుకుంటాను."

తియోజెన్ క్లారినెట్ ఒళ్ళోకి దించుకున్నాడు. ఇన్నేళ్ళూ ఈ మనిషిని తప్పు, తప్పు అంటూ బతికాను కదా అని సిగ్గుతో చచ్చిపోయాడు. తర్వాత పెదవి బిగువు కాస్త సడలించి చూశాడు. స్వరం జారింది, మరీ జారింది, కాకి అరుపైంది. ఓడీల్ పడీపడీ నవ్వింది. శీతాకాలమంతా అలా గడిచింది. కొన్ని రోజులు ఆ స్వరం దొరికేది, కొన్ని రోజులు చేపలా జారిపోయేది.

వాన వెలిసిన ఒక ఉదయం ఒనెసీమ్ పోయాడు. తియోజెన్ నల్లకోటు వేసుకుని బ్యాండు ముందు వరసలో నిలబడ్డాడు. పక్కనే ఓడీల్, ఒక చేత్తో ఆయన కోటు కొస, రెండో చేతిలో గొడుగు. వెళ్ళేటప్పటి పాటలు ఆయనకు నిద్రలో కూడా వచ్చు. ఏడుస్తూనే వాయించాడు.

మట్టి వేశారు. గేటు బయట నిశ్శబ్దం. ఒనెసీమ్ డ్రమ్ము మోస్తున్నవాడు అడుగునుంచి రుమాలు లాగిన చప్పుడు తియోజెన్‌కు స్పష్టంగా వినిపించింది. ముప్పై ఏళ్ళ అలవాటు, కాళ్ళు వాటంతటవే సందువైపు తిరిగాయి. ఓడీల్ కోటు కొస పట్టి లాగింది.

"ఎక్కడికండీ? ఇల్లు ఇటు."

దరువు పడింది. కెనాల్ వీధి అవతలినుంచి వచ్చిన రోస్కో తన కార్నెట్ బూర ఎత్తుకున్నాడు. తియోజెన్ క్లారినెట్ పెదవులకు ఆనించి అందుకున్నాడు. పాట మూడో స్వరం దగ్గరికొచ్చింది. భయానికి పెదవి బిగుసుకుపోయి, బుద్ధిగా నిటారుగా పెద్ద మి పలికింది. వెనక తాళం వేస్తున్న జనం చేతులు తడబడ్డాయి. ఒనెసీమ్ భార్య మొహం మీది నల్ల ముసుగు కూడా తీయలేదు.

టక్! గొడుగు కర్ర రాతి బాట మీద పడింది.

"తప్పు!" అని వీధంతా వినపడేలా అరిచింది ఓడీల్. "మళ్ళీ వాయించండి!"

రోస్కో నవ్వు ఆపుకోలేక కార్నెట్ కిందికి దించేశాడు. తియోజెన్‌కూ నవ్వొచ్చింది. ఆ నవ్వులో పెదవి సడలింది, ఆ సడలికలో స్వరం వంగింది. ఇస్త్రీ బల్ల దగ్గర వినిపించే స్వరమే, చాకలి తల్లి స్వరమే. వెనకనుంచి ఒక్కసారిగా చప్పట్లు లేచాయి. ఓడీల్ ఆయన చెవిలో చెప్పింది, ఒనెసీమ్ భార్య ముసుగు తీసి గొడుగు విప్పిందని, కన్నీళ్ళతోనే అడుగు కలిపిందని.

ఆ రోజు తియోజెన్ ఏ సందులోకీ తిరగలేదు. ఓడీల్ తప్పన్నప్పుడల్లా మళ్ళీ వాయిస్తూ, ఒనెసీమ్ ఇంటి మెట్ల దాకా నడిచాడు.