రాజయ్య విప్పి ఇచ్చిన స్వెట్టర్

చాలా ఏళ్ళుగా నాలో ఒక మాట ఉంది. దానిని ఎవరితోనూ అనలేదు. దేవుడి ముందు చేతులు జోడించినప్పుడు కూడా, ఆ మాట దగ్గరకు వచ్చేసరికి మనసు పక్కదారి పట్టేది. మీరు నన్ను ఎరుగరు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నేను ఉపాధ్యాయురాలిని. అబద్ధమాడిన పిల్లలను బల్ల ఎక్కించి నిలబెట్టినదాన్ని. వాళ్ళలో ఎవరి అబద్ధమూ నా అబద్ధమంత దూరం పోయి ఉండదు.

డెబ్బైల చివర మేము గల్ఫ్‌లో, దుబాయ్‌కి ఎగువన ఉన్న రాస్ అల్ ఖైమాలో ఉండేవాళ్ళం. మావారు కొండల పాదాన ఒక రాతి క్వారీలో సూపర్‌వైజరు. నేను అక్కడి మన పిల్లల బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ దేశపు ఎండ సంగతి అందరికీ తెలుసు. చలి సంగతి ఆ కొండల దగ్గర బతికినవాళ్ళకే తెలుసు. పొద్దు పొడవకముందే పనికి బయలుదేరే మనిషికి ఒక స్వెట్టర్ అల్లాలని సంకల్పించాను.

అల్లిక నాకు టీచర్ ట్రైనింగులో అబ్బిన విద్య. దుబాయ్ బజారులో ఒక సింధీ వర్తకుని దగ్గర బూడిద రంగు ఉన్ని దొరికింది. మా పక్క వాటాలో సత్యవతి అని గోదావరి మనిషి ఉండేది. ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేది. నా చేతిలో సూదులు చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఉడికిపోయే దేశంలో ఉన్నేంటండీ టీచరుగారూ! సారుని ఆవిరి కుడుం చేసేత్తారా ఏంటి?"

నేను నవ్వలేదు. ఒక్క కుట్టు జారితే వరస మొత్తం విప్పి మళ్ళీ అల్లేదాన్ని. ప్రేమతోనే అల్లానా? అలాగే అనుకునేదాన్ని. ఇప్పుడు నన్ను నేను నిలదీసుకుంటే, నా పనితనం ఆయన ఒంటి మీద నలుగురికీ కనబడాలన్న కోరిక అందులో ప్రేమ కంటే ఒక పాలు ఎక్కువే ఉందని తోస్తుంది.

ఆయన తొడుక్కున్నారు. బాగుందన్నారు. కొద్ది రోజులకే అది కనబడలేదు. అడిగితే, ఆఫీసులో ఉందన్నారు.

ఒక శుక్రవారం ఉదయం రాజయ్య మా ఇంటికి వచ్చాడు. కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చిన కూలీ. క్రషర్ దగ్గర రాత్రి కాపలా ఉండేవాడు. మావారు క్వారీలో మరచిపోయిన టిఫిన్ డబ్బా తెచ్చాడు. ఆ సమయానికి మావారు ఇంట్లో లేరు. రాజయ్య ఒంటి మీద నా స్వెట్టర్ ఉంది. లోపల చొక్కా లేదు. మోచేతుల దగ్గర అల్లిక సాగిపోయి, కుట్ల సందులలో తెల్లని రాతిపొడి పేరుకుని ఉంది.

"అది నీకెక్కడిది?" అన్నాను.

"సారే ఇచ్చిండమ్మా. గుట్ట మీది గాలి కోస్తుంది, తొడుక్కో రాజన్నా అన్నడు. నేను వద్దనే అన్న. ఇంటడా సారు!" అని నవ్వాడు.

అప్పుడు నేను అన్న మాట ఇది. "రాజయ్యా, ఇల్లాలు తన భర్తకని చేత్తో అల్లిన స్వెట్టర్‌ను పరాయి మగవాడు తొడుక్కుంటే, ఆ ఇల్లాలి పసుపుకుంకుమలకు చేటు. ఈ ఆచారం మీకు తెలియదా?"

అతని నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

"అయ్యో, ఎరుక లేదమ్మా. మా దిక్కు గొంగడి నేస్తరు గని, ఇసుంటియి అల్లెటోళ్ళు లేరు. ఎట్ల తెలుస్తది? తప్పయింది తల్లీ."

గడప అవతలే నిలబడి విప్పేశాడు. ఉన్ని తల మీదుగా రాకుండా చెవుల దగ్గర పట్టుకుంటే గాభరాపడ్డాడు, అది ఒంటి మీద ఉన్న ప్రతి క్షణమూ నాకు కీడు చేస్తున్నట్టు. మడతపెట్టి గడప మీద ఉంచాడు. నా చేతికి ఇవ్వలేదు. "నీ తాళి సల్లగుండాలె" అన్నాడు. సారుతో ఈ మాట ఎత్తవద్దని చెప్పాను. తల ఊపి, భుజాల చుట్టూ తువ్వాలు కప్పుకుని, ఎదురుగాలిలో వెళ్ళిపోయాడు.

అటువంటి ఆచారం ఎక్కడా లేదు. ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య నేనే పుట్టించాను. మూఢనమ్మకాల గురించి పిల్లలకు పాఠం చెప్పే నోటితోనే చెప్పాను. తిరిగి ఇవ్వమని సూటిగా అడగలేకపోయానా? అడగగలను. కానీ అలా అడిగితే నేను పిసినారిగా కనబడతాను. తాళి పేరెత్తితే ఆ మనిషి నోరెత్తడని, పైగా తానే తప్పు చేసినవాడిలా వెళతాడని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

మావారితో మరో అబద్ధం చెప్పాను. ఉన్ని గుచ్చుకుంటోందని రాజయ్యే తెచ్చి ఇచ్చాడన్నాను. ఆయన నమ్మారు. స్వెట్టర్‌ను ఉతికాను. ఎన్ని నీళ్ళు మార్చినా తెలుపు దిగుతూనే ఉంది. ఆయన మళ్ళీ తొడుక్కోవడం మొదలుపెట్టారు. ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే, సాగిన ఆ మోచేతుల్లో నాకు ఇంకొకరి చేతులు కనబడేవి.

ఇంతటితో ఆగి ఉంటే నా తప్పు చిన్నదే అయ్యేదేమో. ఆగలేదు.

ఆ చలికాలంలోనే మావారు మన కుటుంబాల ఇళ్ళు తిరిగి పాత కోట్లు, స్వెట్టర్లు మూటకట్టి క్వారీ కూలీలుండే క్యాంపుకు తీసుకువెళ్ళారు. సాయంత్రం మూట మూటగానే తిరిగి వచ్చింది. ఒక్కరూ ముట్టుకోలేదట. "వద్దు సార్, ఖలాస్" అని దండం పెట్టారట. ఎందుకని అడిగితే తలలు దించుకున్నారట. రాజయ్య నాకిచ్చిన మాట తప్పలేదు, సారుకు చెప్పలేదు. తోటివాళ్ళను మాత్రం హెచ్చరించి ఉంటాడు. ఏ ఇల్లాలికీ తమ వల్ల కీడు రాకూడదని ఆ మనుషులు చలిని భరించారు.

మావారు ఆ రాత్రి అన్నం తినలేదు. "నేను వాళ్ళను బిచ్చగాళ్ళలా చూశాననుకున్నారు. వాళ్ళ మర్యాద దెబ్బతీశాను" అన్నారు. ఒక్క వాక్యంతో ఆయన మనసులోని ముల్లు తీయగలిగి ఉండేదాన్ని. గ్లాసులో మజ్జిగ పోసి ఇచ్చాను. ఆ తరువాత ఆయన మళ్ళీ ఎవరికీ ఏదీ ఇవ్వడానికి సాహసించలేదు. ఇచ్చే చేయి ఆయనది. దానిని వెనక్కు తీసుకునేలా చేసింది నేను.

చలి తగ్గకముందే రాజయ్యకు దగ్గు పట్టింది. జ్వరంతో కాపలా కాశాడు. ఇక పనికి రాడని క్వారీ ముదీర్, అక్కడి మేనేజరు, ఊరికి పంపించేశాడు. వీడ్కోలు చెప్పి వచ్చిన మావారు సంతోషంగా అన్నారు: "చూశావా, అంత దగ్గులోనూ మొదట నిన్నే అడిగాడు. అమ్మ మంచిగున్నదా సార్, అని."

అతను ఏమయ్యాడో నాకు తెలియదు. తెలుసుకునే ప్రయత్నం చేయలేదు. రాతిపొడి వల్ల దగ్గు వచ్చిందా, చలి వల్ల వచ్చిందా అని నాలో నేను ఎన్నిమార్లు వాదించుకున్నానో! రెండూ కావచ్చునని తెలిసీ, మొదటిదే నిజం కావాలని కోరుకున్నాను. ఇప్పటికీ చలిగాలి వీచిన ఉదయాన గడప వైపు చూడను.

మావారు నిండు వయసులో పోయారు. చివరి రోజుల్లో, మంచం మీద, ఆయనకు క్యాంపు గుర్తుకు వచ్చింది. "వాళ్ళు ఎందుకు వద్దన్నారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు" అన్నారు. నా వైపే చూశారు. నేను దుప్పటి సర్దాను.

నన్ను క్షమించే హక్కున్నవాళ్ళు నా ఎదుట లేరు; క్షమించమని మిమ్మల్ని అడగను. కానీ ఆ క్యాంపు నుంచి మనుషులు తమ తమ పల్లెలకు తిరిగి వెళ్ళి ఉంటారు. నా మాటా వాళ్ళతో వెళ్ళి ఉంటుంది. ఏ ఇంట్లోనైనా, ఒకరి భార్య అల్లిన స్వెట్టర్ వేరొకరు తొడుక్కోరాదని పెద్దలు చెబుతుంటే, వారికి ఇది తెలియజేయండి. అది ఆచారం కాదు. ఒక టీచరు ఆడిన అబద్ధం. చలి వేస్తే తొడుక్కోండి.