ఊపిరాడని రెండో చరణం

పాటలు నేనే రాసి, నేనే పాడి, యూట్యూబ్‌లో నేనే పెట్టుకునే సొంత దుకాణం నాది. యజమానినీ నేనే, కూలీనీ నేనే. దొరకనిది వినేవాడొక్కడే. నాట్ల పాట పెట్టిన రోజు పదో తరగతి గ్రూపు, కాలనీ గ్రూపు, చుట్టాల గ్రూపు, దేన్నీ వదల్లేదు. నిమిషంలో నలభై బొటనవేళ్లు లేచాయి. పాటేమో ఐదు నిమిషాలు. అయినా పొంగిపోయాను.

"విన్నరా, నీ పోరు పడలేక ఏలు సూపెట్టిన్రా?" అంది మా ఆవిడ.

చుట్టాల్లో ఒకాయన్ని పట్టుకుని అడిగాను. "మస్తుంది. డ్యాన్సు గూడ మంచిగ తీసినవ్" అన్నాడు. అందులో డ్యాన్సే లేదు.

దాచేదేముంది, మనసు చివుక్కుమంది. ఇక పాటలు మానేద్దామనుకున్నాను.

వారం తర్వాత ఇబ్రహీంపట్నంలో షేర్ ఆటో ఎక్కితే డ్రైవర్ నా పాటే పెట్టాడు. ఎదురుగా ఒక అక్క, ఒళ్లో సద్ది గిన్నె, నాట్లకు పోతోంది. కాసేపు తలూపింది. రెండో చరణం రాగానే డ్రైవర్‌తో, "జర బంద్ చెయ్ తమ్మీ, గీడికెల్లి వానికి పాట కట్టరాలె" అంది.

"ఆ కట్టినోణ్ని నేనే అక్కా" అన్నాను.

ఆమె ఏమాత్రం తడబడలేదు. "మంచిగ దొరికినవ్. మడిల మేం రోజూ పాడేది నీ పాటనే. రెండో చరణం కుర్సీల కూసొని రాసినవా? వంగి నాటేటోళ్లకు ఊపిరి తీసుకునే జాగేది?"

కుర్చీలో కూర్చునే రాశాను. నా పని పక్కనపెట్టి ఆమె వెంటే దిగాను. మడిలో పదిమంది ఆడవాళ్లు. నా చేతికి నారు కట్ట ఇచ్చి, వంగి నాటుతూ ఆ రెండో చరణం పాడమన్నారు. రెండో పంక్తికే ఊపిరి అందక పాట తెగింది. వాళ్లు పడీపడీ నవ్వి, నాటుకుంటూనే రెండు మాటలు పీకేశారు, వాటి చోట ఒక "ఓయమ్మా" పెట్టారు. నేనెంతో మురిసి రాసుకున్న మాటలవి. నొచ్చుకునే తీరిక కూడా ఇవ్వలేదు.

"ఇగ అను. మేం ఎన్క అందుకుంటం" అంది అక్క.

అన్నాను. వెనక నుంచి పది గొంతులు అందుకున్నాయి. నాకు ఏడుపొచ్చింది. తలెత్తకుండా తర్వాతి పంక్తి పాడాను.