చాటకు మెత్తిన లెక్కల పుస్తకం

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పడం తేలిక. మూడో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

మాది కిషన్‌బాగ్. నా మనవరాలు సునీత, వెనక గల్లీలోని షాహీన్, ఇద్దరూ యూనివర్సిటీలో లెక్కల మీద పరిశోధన చేసేవారు. ఇద్దరికీ కలిపి ఒకటే నోటుబుక్కు. వారం మా ఇంట్లో, వారం వాళ్లింట్లో ఉండేది. జిరాక్సు తీయిద్దామంటే దండగ ఖర్చు అన్నది నేనే.

ఆ లెక్కేమిటో సునీత ఒకసారి నాకు జాకెట్టుతో పోల్చి చెప్పింది. గుడ్డ ఇంతే ఉంది, అది ఒక హద్దు. కుట్టాక ఒంటికి సరిపోవాలి, అది ఇంకో హద్దు. రెండూ కుదిరే కొలత ఒక్క దెబ్బకు దొరకదు. ముందు ఒక అంకె అనుకోవాలి, అవతలి హద్దుకు ఎంత తప్పిందో చూడాలి, ఆ తప్పును బట్టి ఇవతల అంకెను దిద్దాలి, మళ్లీ చూడాలి. నేను తలూపాను. అది ఎక్కడ ఆగుతుందని మాత్రం అడగలేదు.

ఒక శుక్రవారం సునీత ఇంట్లో లేనప్పుడు షాహీన్ వచ్చి ఆ పుస్తకం నా చేతికిచ్చి వెళ్లింది. తిరగేశాను. ముందు పేజీల్లో నాకు అర్థం కాని గుర్తులు. వెనక అంకెలు. అంకెలు నేను చదవగలను. వరసకూ వరసకూ తేడా చివరి అంకెలోనే. ఆఖరి పేజీలో అదీ లేదు, పైనుంచి కిందిదాకా ఒకటే. మా బడిలో తప్పు చేస్తే ఒకే మాట వందసార్లు రాయించేవారు. ఇదీ అలాంటిదే, పని అయిపోయిన పుస్తకం అనుకున్నాను. ఇంట్లో చాటకు సందులు పడి ఉన్నాయి. అట్ట పీకి, కాగితాలు నానబెట్టి, మెంతులు వేసి రుబ్బి చాటకు మెత్తాను.

నాలుగో రోజు ఇద్దరూ మా వరండాలో నిలబడ్డారు. వాళ్ల వెనకే చాట గోడకు ఆరుతోంది.

"నానమ్మా, జుమ్మా నాడు మీ చేతికే ఇచ్చిన గదా. జర యాది చేసుకోండి," అంది షాహీన్.

"మా నానమ్మ చిత్తుకాగితం గూడ పారెయ్యదు. ఆమె చేతికొస్తే యాడికి పోతది?" అంది సునీత. "ఆఖరికి అంకె కదలకుండ నిలబడ్డది షాహీన్. మన పద్ధతి పనిచేస్తదని అదే సబూతు. ఇప్పుడు మన గైడు సార్‌కు ఏం చూపెట్టాలె?"

నేను దండగ అనుకున్న ఆ ఆఖరి పేజీయే వాళ్లకు కావలసిందని అప్పుడు తెలిసింది.

"నాకెప్పుడిచ్చినవ్ బిడ్డా? నేను చూడనే లేదు," అన్నాను.

"అచ్ఛా నానమ్మా," అని షాహీన్ చెప్పులు తొడుక్కుంది.

ఎందుకన్నాను? భయమా? అగ్గిపుల్ల వృథా అయినా అందరినీ తిట్టే నేను, ఇద్దరు పిల్లల రెండేళ్ల కష్టాన్ని రుబ్బేశానని ఏ నోటితో చెప్పను? అదొక్కటే అయితే మరునాడైనా చెప్పేదాన్ని. ఇంకో సంగతి ఉంది, అది రాయడమే కష్టంగా ఉంది. పరాయి ఇంటి పిల్ల, మా వాళ్లు ఆమెనే అనుమానిస్తారు, నా మాటే నమ్ముతారు అని నోరు తెరిచేముందే నాకు తెలుసు. తెలిసే అన్నాను.

పుస్తకం షాహీన్ దాచుకుందన్న మాట సార్ దాకా పోయింది. సునీత మొదటినుంచీ మళ్లీ చేసింది. అచ్చయిన వ్యాసం మీద ఒక్క పేరే ఉంది. షాహీన్ పరిశోధన మానేసింది. కార్వాన్‌లో ఏదో బడిలో పిల్లలకు లెక్కలు చెబుతోందట. ఆ తర్వాత మా గుమ్మం ఎక్కలేదు.

రేపు ఈ కాగితం సునీత ముందు పెడతాను. షాహీన్ ఇంటికి నేనే నడిచి వెళతాను. తలుపు తీయకపోతే అది ఆమె ఇష్టం. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఆ పిల్ల ఇచ్చింది. నేను తీసుకున్నాను. రాసేశాను. చెయ్యి నొప్పిగా ఉంది, గుండెలో మాత్రం కాస్త జాగా అయింది.