హెంపుకి పెరుగు తోడు

ఇప్పుడంటే లండన్ శివారు హౌన్స్‌లోలో ఏ సందు తిరిగినా కరివేపాకు దొరుకుతోంది గాని, నేను ఇంగ్లండులో దిగిన కొత్తల్లో, అంటే రెండువేల మూడో నాలుగో, ఇంట్లో పెరుగు తోడుకోవడమే ఒక ఘనకార్యం. ఆ చలికి తెల్లారేసరికి పాలు పాలలాగే ఉండేవి. మా ఇంట్లో మాత్రం రోజూ గడ్డపెరుగే. ఆ ఇల్లు అద్దెకు తీసుకుని అందులో నాకొక గది ఇచ్చిన కాకినాడ అక్క, వాళ్ళమ్మ దగ్గర్నుంచి చిన్న స్టీలు డబ్బాలో (మూత మీద వాళ్ళమ్మ పేరు చెక్కి ఉంటుంది) తోడు విమానంలో తెచ్చుకుంది. రాత్రిళ్ళు పాలగిన్నెకి పాత స్వెట్టరు చుట్టి, బాత్‌రూమ్‌లో బాయిలర్ ఉన్న అల్మరాలో పడుకోబెట్టేది. ముసలివాళ్ళని చూసుకునే కేర్ హోంలో నర్సు కావడం వల్ల ఇంట్లో స్నానాలకి కూడా రోటా, అంటే వంతుల పట్టీ, వేసేది. అందుకే ఆవిడకి రోటా అక్క అని పేరు పెట్టాను. ఆవిడ భర్త, మా బావగారు, రీడింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టరు, ఆ రోటాకి తలవంచి బతికేవాడు.

నా ఉద్యోగం ఏమిటో మాత్రం వాళ్ళిద్దరికీ ఎన్నిసార్లు చెప్పినా ఎక్కేది కాదు. రీడింగ్ అవతల పల్లెల్లో కొందరు రైతులు హెంపు పండించేవాళ్ళు. అది గంజాయికి దాయాదే గాని మత్తుకి పనికిరాదు, మన గోగులాగా కాడ నుంచి నార తీస్తారు. కాడల్ని లారీలకెత్తి ఎక్కడో దూరాన ఉన్న ఫ్యాక్టరీకి పంపే బదులు, ఎక్కడి పంటకి అక్కడే నార తీసే చిన్న కేంద్రాలు పెట్టాలని, దేశమంతా ఇరవై మైళ్ళకొకటి వెలవాలని వాళ్ళ కల. మొదటి కేంద్రం ఒక రేకుల షెడ్డు. ఆ రైతుల సంఘానికి పెద్ద, నేను పేరు పెట్టిన గుర్రాల ఆంటీ (నార తీయగా మిగిలిన బెండు ఆవిడ గుర్రాల కింద పరుపయ్యేది). పర్యావరణంలో ఎం.ఎస్సీ. చేసిన పాపానికి నేను ప్రాజెక్ట్ ఆఫీసర్ని. గ్రాంటు ఇచ్చేవాళ్ళు నెలాఖరుకి వచ్చి, నార చూసి సరేనంటే కేంద్రం నిలుస్తుంది, నా వర్క్ పర్మిట్ పెరుగుతుంది. కాదంటే షెడ్డుకి తాళం, నాకు విమానం టికెట్టు.

నార ఊడి రావాలంటే ముందు కాడ నానాలి. అక్కడి పద్ధతిలో కోసిన కాడల్ని పొలంలోనే పరిచి మంచుకి వదిలేస్తారు. ఆ ఏడు మంచుకి బదులు వానే కురిసి, పరిచిన కాడలు పరిచినచోటే కుళ్ళిపోయాయి. మిగిలినవి షెడ్డులో దాచిన కొన్ని మోపులు. మీటింగులో గుర్రాల ఆంటీ నావైపు తిరిగి, మీ దేశంలో ఎలా చేస్తారని అడిగింది. మా విజయనగరం వైపు గోగుని నీళ్ళల్లో ఊరబెడతారని చెప్పాను. రైతులందరూ నన్ను ఋషిని చూసినట్టు చూశారు. నిజానికి ఆ చెరువుల దగ్గర నేను చేసింది బస్సులో ముక్కు మూసుకోవడమే. ఆ సాయంత్రం ఫోన్ కార్డు గీకి మా మావయ్యని అడిగితే ఆయన చాలాసేపు నవ్వాడు. "ఏట్రా, ఇమానమెక్కి లండనెల్లి గోగు ఊరబెడతన్నావా? ఆ కంపు నీకొద్దనే గదరా సదివించినాం."

షెడ్డులో నీళ్ళు గడ్డకట్టేంత చలి. అందుకని ఆంటీ ఒక మోపు నాకిచ్చి, చిన్న ఎత్తున ప్రయత్నించమంది. మా ఇంట్లో చిన్న ఎత్తు అంటే బాత్‌టబ్బే. రోజులు గడిచాయి. కాడలు స్నానానికి దిగిన చుట్టాల్లాగా తీరిగ్గా పడుకున్నాయి గాని నార వదల్లేదు. బావగారు ఆఫీసులో స్నానం మొదలుపెట్టాడు. అక్కడ షవర్లు సైకిల్ మీద వచ్చేవాళ్ళకేనట. పాపం, హెల్మెట్ ఒకటి కొనుక్కుని, కారులో పక్కసీటులో పెట్టుకుని వెళ్ళేవాడు.

రోటా అక్క నైట్ డ్యూటీ నుంచి వచ్చి టబ్బులోకి తొంగిచూసింది.

"తోడేశావా అబ్బాయ్?"

"తోడేంటక్కా, ఇది నార."

"ఏదైనా పులవాలంటే తోడుండాలి గదా. ఉత్తినీళ్ళు ఎన్నాళ్ళు కూర్చున్నా నీళ్ళే."

నాకూ నిజమే అనిపించింది. (ఎం.ఎస్సీ. అన్నాను కదా.) అక్క గరిటెడు పెరుగు కలిపి, బొంత కప్పి, బాయిలర్ అల్మరా తలుపు బార్లా తీసి, ఎవరూ కదపొద్దని హెచ్చరించి పడుకుంది. ఆ తర్వాత వచ్చిన కంపు గురించి చెప్పను. పక్కింటి పెద్దాయన వచ్చి, మీ ఇంట్లో అందరూ బతికే ఉన్నారా అని మర్యాదగా అడిగి వెళ్ళాడు.

కబురందుకుని గుర్రాల ఆంటీ మట్టి బూట్లతో మా బాత్‌రూమ్‌లోకి వచ్చింది. ఒక కాడ తీసి గోటితో లాగింది. పట్టుపోగులాంటి నార మొదలు నుంచి చివరిదాకా ఒక్క ఊపులో వచ్చింది. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి (కంపుకి కూడా కావచ్చు). ఏం వేశారని అడిగితే అక్క డబ్బా చూపించింది. ఆంటీ దాన్ని రెండు చేతులతో అందుకుంది. గిన్నెలో ఇంకా పెరుగుందిలే అని అక్క డబ్బా ఇచ్చేసింది. ఆ పూట బావగారు ఆవకాయన్నంలోకి ఆ గిన్నె కాస్తా ఊడ్చేశాడని మర్నాడు గాని తెలియలేదు. డబ్బాలోది ఆంటీ అప్పటికే షెడ్డులో కాడలకి పోసేసి ఉంటుందనుకున్నాం, అలా మా ఇంట్లో కాకినాడ పెరుగు వంశం ఆగిపోయింది. అక్క బావగారితో మాట్లాడటం మానేసి, నాకు మాత్రం రోటాలో బాత్‌రూమ్ కడగడం రాసింది.

గ్రాంటువాళ్ళు వచ్చిన రోజు షెడ్డులో పెద్ద తొట్టి, దాని కింద హీటర్లు, పైన గుర్రాల దుప్పట్లు. ఆరడుగుల రైతులు అడుగులో అడుగు వేస్తూ, కదిపితే తోడుకోదని ఒకరినొకరు గదమాయించుకుంటున్నారు. సాంకేతిక సలహాదారుగా అక్క పట్టుచీర మీద కేర్ హోం బూట్లు వేసుకుని నిలబడింది. టన్నుకి ఎంత తోడు వెయ్యాలని అధికారి అడిగాడు.

"చూస్తే తెలిసిపోద్దండి," అంది అక్క. నేను ఇంగ్లీషు చేశాను. అందరూ తలలూపారు.

నార వచ్చింది. గ్రాంటూ వచ్చింది. నా పర్మిటూ పెరిగింది. పని చేసింది పెరుగు కాదని, బాయిలర్ వేడని నాకిప్పటికీ అనుమానమే, కాని ఆ షెడ్డులో ఆ మాట అనగలిగే ధైర్యం ఎవరికుంది? రెండు పంటలు గడిచాక మా నార కంటే బయటి నార చవకని తేలి కేంద్రం మూతపడింది. ఇరవై మైళ్ళకొకటి అనుకున్నది, ఉన్న ఒక్కటీ పోయింది. నేనూ బావగారి దారే పట్టి సాఫ్ట్‌వేర్‌లో చేరాను. మూసేసిన రోజు షెడ్డు ముందు నేను ఏడ్చాను. ఆంటీ ఏడవలేదు, గుర్రాలకి మేత వేసే వేళయిందని వెళ్ళిపోయింది.

మొన్నామధ్య అటువైపు వెళ్తూ ఆంటీ ఇంటి తలుపు తట్టాను. బాగా ముసలిదైపోయింది. టీ ఇచ్చి, ఫ్రిజ్ తెరిచి స్టీలు డబ్బా బయటికి తీసింది. మూత మీద తెలుగు అక్షరాలు. అన్నేళ్ళూ మానకుండా తోడేసుకుంటూ, జామ్ కలుపుకుని తింటోందట. "కేంద్రం పోయినా కల్చర్ పోనివ్వలేదు," అంది (ఇంగ్లీషులో తోడునీ కల్చరే అంటారు). కొంచెం తీసి నాకిచ్చింది.

అటునుంచి అటే హేస్‌లో అక్కావాళ్ళ ఇప్పటి ఇంటికి పట్టుకెళ్ళాను. ఆ రాత్రి తోడేస్తే పొద్దున్నకి రాయిలా తోడుకుంది. అక్క వేలితో తీసి నాలిక మీద పెట్టుకుని, మళ్ళీ వేలు ముంచింది. వాళ్ళమ్మ పోయి అప్పటికి చాలా ఏళ్ళు.

"మా అమ్మ పెరుగే," అంది. "కొంచెం గుర్రం వాసన, అంతే."

మేం అప్పుడు కట్టాలనుకున్న కేంద్రాలు గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఆంటీ ఫ్రిజ్‌లో ఒకటి, అక్క ఇంట్లో ఒకటి, నేను డబ్బాలో మా ఇంటికి పట్టుకెళ్తున్నది మూడోది. ఇరవై మైళ్ళకొకటి ఇన్నాళ్ళకి వెలిశాయి. నేను చెప్పులేసుకునేలోపు అక్క ఒక గిన్నెలో కాస్త విడిగా తీసి, బావగారికి కనబడకుండా మినప్పప్పు డబ్బా వెనక దాచింది.