కానుగ నూనె ఇంజను

మొన్న మా పక్కింటి అమ్మాయి నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. ఖమ్మంలోనే ఇంజనీరింగ్ చదువుతోంది. "అంకుల్, సోలారు, గాలి మరలు, మొక్కల నూనెలు ఇవన్నీ కలిసి నిజంగ బొగ్గును, డీజిలును మానిపిస్తయా? మీరు ఆ పనే చేసిన్రట గద" అని అడిగింది. ఒకప్పుడు ఈ ప్రశ్న ఎవరైనా వేస్తే చాలు, మైకు లేకపోయినా గంటసేపు దంచేవాణ్ని. ఆ రోజు మాత్రం, టీ తాగి వెళ్లమ్మా అని మాట మార్చాను. ఆమె వెళ్లాక మా ఆవిడ, "పిల్ల అంత ఆశగా అడిగితే రెండు ముక్కలు చెప్పరాదు?" అంది. చెప్పాల్సింది ఒకటి ఉంది కాబట్టే నోరు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేనొక స్వచ్ఛంద సంస్థలో పనిచేసేవాణ్ని. భద్రాచలం వైపు అడవి అంచున, కరెంటు స్తంభం ఇంకా చేరని ఒక కోయగూడెం నా బాధ్యత. అక్కడ వాగు వెంట కానుగ చెట్లు వరసగా ఉండేవి. ఎండాకాలం ఆడవాళ్లు రాలిన కాయలు ఏరి, రాళ్లతో కొట్టి పప్పు తీసేవారు. దాన్ని పిండితే చిక్కటి గోధుమరంగు నూనె వచ్చేది; గూడెంలో దీపాలకూ అదే. డీజిలుకు బదులు ఆ నూనెతో ఇంజను నడపడం మా పథకం. ఇంజను తిరిగితే బోరు నీళ్లు పైకొస్తాయి, పిండి మర ఆడుతుంది, పొద్దుగూకాక కాసేపు ఇళ్లలో బల్బులు వెలుగుతాయి. ఆ నూనెది ఒక చేదు వాసన. మా ఆవిడ నా చొక్కాలను అందరి బట్టలతో కలపకుండా గోడ అవతల ఆరేసేది. నేను మాత్రం ఆ వాసనను అత్తరులా మోసుకు తిరిగేవాణ్ని. ఖమ్మంలో బస్సెక్కితే పక్కనున్నాయనకు భూమిలో చమురు అయిపోయే రోజు గురించి మొదలుపెట్టేవాణ్ని. వైరా వచ్చేలోపు ఆయన వేరే సీటు చూసుకునేవాడు.

గూడెంలో ఈ పనికి పెద్ద దిక్కు ఒక ముసలామె. అందరూ అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. గింజను రెండు వేళ్ల మధ్య నొక్కి చూసి, పచ్చిదైతే పక్కకు పడేసేది. "తడి గింజ ఏస్తే నూనె ఖరాబైతది సారూ" అని నాకే పాఠం చెప్పేది. మా నూనెతో ఇంజను మొదటిసారి తిరిగిన రోజు పొగ ఎదురుగా నిలబడి గట్టిగా ఊపిరి పీల్చి, "అచ్చం మా దీపం వాసనే" అని పడీపడీ నవ్వింది.

రెండో ఏడు చలికాలంలో పథకానికి డబ్బిచ్చే పెద్దలు హైదరాబాదు నుంచి చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజే ఇంజను మొరాయించింది. చలికి నూనె గడ్డకట్టినట్టయి జాలీలో ఇరుక్కుపోతోంది. ఖమ్మం నుంచి మెకానిక్ భాయ్‌ని పిలిపించాను. ఆయన అన్నీ విప్పి చూసి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"ఇంజన్ల ఖరాబేం లేదు సార్. నూనెను కాగబెట్టి రెండుసార్లు వడగట్టాలె. పొగగొట్టం పక్కన చిన్న టాంకీ పెడితే ఆ వేడికే పలచనైతది. ఒక్క వారం ఇయ్యి, నేను చేసిపెడత."

"రేపే వస్తున్నారు భాయ్. డీజిలుతో నడిపిద్దాం."

ఇంజనుకు రెండు టాంకీలుండేవి. స్టార్ట్ చేయడానికి చిన్నదాంట్లో కాస్త డీజిలు, ఆ తర్వాత నడవడానికి పెద్దదాంట్లో కానుగ నూనె. చిన్నదాన్ని నిండా నింపి, పెద్దదాని నల్లా కట్టేస్తే పైకి ఎవరికీ తెలియదు. భాయ్ నా ముఖం చూడలేదు. "గా పని నాతోని చేపియ్యకు సార్" అని సామాను సంచిలో సర్దుకున్నాడు. మర్నాడు పొద్దున నేనే డీజిలు పోసి, నేనే నల్లా తిప్పాను.

పెద్దలు ముగ్గురొచ్చారు. అవ్వ ఇత్తడి చెంబులో నూనె తెచ్చి, వాళ్ల చప్పట్ల మధ్య పెద్ద టాంకీలో పోసింది. ఇంజను అందుకుంది, నీళ్లు దూకాయి. వచ్చినవాళ్లలో ఒకాయన, "డీజిలు అస్సలు అక్కర్లేదా?" అని అడిగాడు. "స్టార్టింగుకు తప్ప చుక్క కూడా వద్దు సార్" అన్నాను. అప్పటికే అవ్వ పొగ ఎదురుగా వెళ్లి నిలబడింది. ఒకసారి పీల్చింది, మళ్లీ పీల్చింది. టాంకీ కింద నల్లా వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. ఆయన ఆమెను కూడా అడిగాడు, "ఎలా ఉందమ్మా మీ నూనె?" అని. అవ్వ కొంగు సర్దుకుని, "సారు చెప్పిండు గద" అంది. అబద్ధం ఆమె ఆడలేదు, నన్నూ పట్టివ్వలేదు.

జీపు కదిలాక నా దగ్గరకు వచ్చింది. "మా నూనె దిగుత లేదని చెప్పరాదు సారూ? వాళ్లు సదువుకున్నోళ్లు, ఏదన్న ఉపాయం చెప్తుండిరి. మేం మళ్ల పిండుతుంటిమి." ఆ మాటలో కోపం లేదు. ఎందుకు దాచానో నిజంగా అర్థంకాకే అడిగింది.

పథకం బ్రహ్మాండంగా నడుస్తోందని వాళ్లు రాసుకుపోయారు. తర్వాత నూనె కాగబెట్టే టాంకీ కావాలని నేను మా ఆఫీసును అడిగితే, బాగా నడుస్తున్న ఇంజనుకు మరమ్మతు దేనికన్నారు. నిజం చెప్పి అడగడానికి మళ్లీ నోరు రాలేదు. డీజిలు తెచ్చుకునే శక్తి గూడేనికి లేదు. కాగబెట్టని నూనె మడ్డి జాలీలో పూడుకుంటూ వచ్చి వానాకాలానికి ఇంజను ఆగింది, నన్ను వేరే పనికి మార్చారు. కొన్నాళ్లకు అటు వెళితే స్తంభాలు పాతారు, బొగ్గు కరెంటు వచ్చింది. ఇంజనున్న రేకుల షెడ్డులో మేకలు పడుకుని ఉన్నాయి. అవ్వ నన్ను గుర్తుపట్టి, కూర్చోబెట్టి, "తిన్నవా సారూ?" అని అడిగింది. నూనె మాట ఎత్తలేదు. ఆమె పెట్టిన జావ తల దించుకునే తాగాను.

కానుగ నూనె డీజిలును మానిపించేదో లేదో నాకు తెలియదు. బహుశా ఆ వాగు వెంట చెట్లు ఆ ఒక్క గూడేనికే సరిపోయేవేమో, దానికీ చాలేవి కావేమో. ఆ సంగతి తేలకుండా చేసినవాణ్ని నేనే. పక్కింటి అమ్మాయి ఈసారి వస్తే ఈ మాటే రాసుకోమనాలి. అప్పుడు నాకు నలభై కూడా నిండలేదు, ముందు బోలెడు కాలం ఉందని ధీమాగా బతికే వయసు. అంత కాలం చేతిలో పెట్టుకుని ఆ ఒక్క రోజుకు ఎందుకంత తొందరపడ్డానో, ఈ వయసులో తీరిగ్గా కూర్చుని ఆలోచించినా అర్థం కావడం లేదు.